నీళ్లెరగని కంచుకం

మీ తాతకు ముత్తాత ఉయ్యాల్లో కాళ్లాడిస్తున్న కాలంలో, మల్లపురి అనే రాజ్యాన్ని రణమల్లుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన రాణి పేరు కుముదవల్లి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రమల్లుడు, రెండోవాడు భీమమల్లుడు, మూడోవాడు మణిమల్లుడు. ముగ్గురికి ముగ్గురూ కత్తిసాములో దిట్టలు, కుస్తీలో దిట్టలు.

రాణిగారికి మొగలిపువ్వంటే ప్రాణమని ఊరంతా చెప్పుకునేవారు. ఎందుకంటే కొలువులో కూర్చున్నా, భోజనానికి కూర్చున్నా ఆవిడ చేతిలో ఒక మొగలిరేకు ఉండాల్సిందే, అది ముక్కు దగ్గర ఉండాల్సిందే. పువ్వు దొరకని రోజున ఆవిడకు అన్నం సయించేది కాదు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. నవ్వకుండా వినండి. వాళ్ల ముత్తాత పులిమల్లుడు ఒకప్పుడు ఏడు రోజులు ఏకబిగిన యుద్ధం చేశాడు. ఏడు రోజులూ ఆయన ఒంటిమీద ఒకటే కంచుకం, అంటే దళసరి గుడ్డతో కుట్టిన చొక్కా. ఏడో రోజు గెలిచి ఇంటికొచ్చాక దాసీది దాన్ని ఉతకబోతే, "ఆగవే! ఉతికితే నా గెలుపంతా నీళ్లపాలవుతుంది" అన్నాడు. పెద్దాయన అన్నాడు కదా, అది శాసనమైపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట మగపిల్లవాడికి పదహారో ఏడు రాగానే మేళతాళాలతో ఒక కంచుకం తొడుగుతారు. అది మళ్లీ నీళ్ల మొహం చూడదు. పొద్దున సాము అందులోనే, మధ్యాహ్నం వేట అందులోనే, రాత్రి నిద్రా అందులోనే. స్నానమంటారా, పేరుకు రెండు చెంబులు గుమ్మరించుకుని, తడి ఒంటిమీదే మళ్లీ దాన్ని తగిలించుకునేవారు. పైన ఇంత అత్తరు పూసుకునేవారు.

ఇక వాసన సంగతి నన్నడక్కండి. మంత్రిగారికి ఏడాది పొడుగునా జలుబే, ముక్కుకు గుడ్డ కట్టుకునే కొలువుకు వచ్చేవాడు. వింజామర వీచేవాళ్లు ఊపిరి బిగబట్టి వీచేవారు. అయినా ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పి చెప్పారా? రాజుగారితో ఆ మాట అనే మొనగాడెవడు? తన కంపు తనకు తెలియదాయె. అలా ఏళ్లు గడిచిపోయాయి.

మణిమల్లుడు నెమ్మదైనవాడు. తను దగ్గరికి వెళితే జనం వెనక్కి జరగడం చిన్నప్పుడు లేదు, పదహారో ఏడు దాటాకే మొదలైందని గమనించాడు. కారణం మాత్రం అంతుపట్టలేదు. నా మొహంలోనే ఏదో లోపముందని అద్దం ముందు నిలబడి దిగులుపడేవాడు.

ఇలా ఉండగా, పొరుగున ఉన్న పూలకోన రాజ్యంలో రాజకుమార్తె కువలయినికి స్వయంవరం చాటించారు. అన్నదమ్ములు ముగ్గురూ వెళ్లారు. మండపం మెట్ల దగ్గర ఒక ముసలి దాసి కాలు జారి పళ్ల పళ్లెంతో సహా బోర్లా పడింది. అందరూ పకపకా నవ్వారు. మణిమల్లుడు ఒక్కడే మెట్లు దిగి, ఆమెను లేవదీసి, పళ్లన్నీ ఏరి పళ్లెంలో పెట్టాడు. కిటికీలోంచి కువలయిని అది చూసింది.

సభ మొదలైంది. కువలయిని పూలదండ పట్టుకుని, ఎవరివంకా చూడకుండా తిన్నగా మణిమల్లుడి వైపే నడిచింది. పదడుగుల దూరానికి వచ్చింది. ఐదడుగుల దూరానికి వచ్చింది. మూడడుగుల దూరంలో ఆగిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మన్నించండి" అని ఒక్క మాట అని వెనక్కి తగ్గింది.

సరిగ్గా అప్పుడే మండపంలో గుప్పున పొగ కమ్మింది. పొగలోంచి మూరెడు ముక్కున్న ఒక మాంత్రికుడు బయటికొచ్చాడు. జనం వాణ్ణి ముక్కు మాంత్రికుడంటారు. లోకంలో ఎక్కడ మంచి వాసన ఉంటే అక్కడ దాన్ని ఎత్తుకుపోయి సీసాల్లో బిగించుకోవడం వాడి పని. "ఈ పిల్ల చేతిలో పూలు పూసినట్టు ఎక్కడా పూయవట. నా దీవిలో తోట పెంచుతుంది!" అని కువలయిని చెయ్యి పట్టుకుని మాయమైపోయాడు.

పూలకోన రాజు లబోదిబోమన్నాడు. "నా బిడ్డను తెచ్చినవాడికి, బిడ్డ ఒప్పుకుంటే, ఇచ్చి పెళ్లి చేస్తాను" అని చాటించాడు.

మాంత్రికుడి దీవి ఏడు సముద్రాల అవతల ఉంది. వాడికి కాపలా భటులు లేరు, పులులు లేవు. ముక్కొక్కటే కాపలా. మనిషి దీవిలో కాలుపెట్టగానే "నరవాసన! నరవాసన!" అంటూ ఆమడ దూరం నుంచి పసిగట్టి, మంత్రం వేసి సీసాగా మార్చేస్తాడు.

ఉగ్రమల్లుడు ఒక కడవ అత్తరు పూసుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. భీమమల్లుడు రెండు కడవలు పూసుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. మూడో నెలలో మణిమల్లుడు తండ్రి కాళ్లకు మొక్కాడు.

"నాన్నగారూ, నేను వెళతాను. ఆ అమ్మాయి నన్ను వద్దనుకుంది, నాకు తెలుసు. అయినా అన్నలనూ ఆమెనూ అక్కడ వదిలేసి నేనిక్కడ అన్నమెలా తినను?"

కోటగుమ్మం దాకా తల్లి వచ్చింది. "నాయనా, ఒక్క మాట చెప్పనా, కోప్పడవుగా?" అంది.

వెనకనుంచి రాజు గద్దించాడు. "బయల్దేరే వేళ మాటలేమిటి? కంచుకం ఒంటిమీదుంది. అదే గెలిపిస్తుంది."

రాణి కొంగు చాటునుంచి మూడు చిన్న మూటలు తీసి కొడుకు చేతిలో పెట్టి, "దారిలో పనికొస్తాయి" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది.

మణిమల్లుడు నడిచి నడిచి ఒక వాగు దగ్గరికి చేరాడు. అక్కడ వేటగాడు పూసిన జిగురుకొమ్మకు ఒక కాకి అతుక్కుని గిలగిలా కొట్టుకుంటోంది. అతను ఈక ఊడకుండా నెమ్మదిగా విడిపించాడు. కాకి వాగులో దిగి, ఒక్కో రెక్కా విప్పి, కింద, పైన, మెడ వంచి, తోక తిప్పి శుభ్రంగా కడుక్కుంది. తర్వాత ఎండలో కూర్చుని రెక్కలారబెట్టుకుంది.

"బాబూ, ఒక్క మాట చెప్పనా, కోప్పడవుగా?" అంది.

"చెప్పు."

"నీ దగ్గర కంపు కొడుతోంది."

మణిమల్లుడికి ఒళ్లు మండిపోయింది. "నేను రోజూ స్నానం చేస్తాను! రాజకుమారుణ్ణి పట్టుకుని..."

"కోప్పడనన్నావుగా! రెండు చెంబులు నెత్తిన పోసుకుని పరిగెత్తేవాళ్లను చూసి కాకిస్నానమని మీవాళ్లు నా పేరు పాడుచేశారు. చూశావుగా, నేనెలా చేశానో. చంకలు రుద్దావా? గజ్జల్లో రుద్దావా? కాలివేళ్ల సందుల్లో? తడి తుడుచుకున్నావా? చెమటను నేనేమీ అనను బాబూ. ఒళ్లొంచి పనిచేసేవాడికి చెమట పట్టాలి. అప్పుడే పట్టిన చెమటకు వాసనే ఉండదు. అది కడగకుండా నిలవుంటే, చద్ది పిండిలాగా పులుస్తుంది. ఏదీ, మీ అమ్మ ఇచ్చిన మొదటి మూట విప్పు."

విప్పాడు. అందులో పెసరపిండి, పసుపు, కచ్చూరాలు కలిపిన నలుగుపిండి ఉంది. అమ్మ చెప్పబోయిన మాట ఇదే అన్నమాట! అద్దంలో మొహం చూసుకుని ఏడ్చిన ఏళ్లన్నీ గుర్తొచ్చాయి. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టే కదా తను చేసింది. అతని కోపం దిగిపోయింది, దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. వాగులో దిగి, కాకి చెప్పిన చోటల్లా రుద్దుకున్నాడు. పిడికత్తితో చంకల్లో గుబురు కత్తిరించుకున్నాడు. ఎండలో నిలబడి ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చాడు. తర్వాత, అలవాటు కదా, ఆ కంచుకమే మళ్లీ తొడుక్కున్నాడు.

కాకి ఆ కంచుకాన్ని ఎగాదిగా చూసింది. "నేనూ వస్తా పద" అని అతని భుజం మీద వాలింది.

సముద్రపు ఒడ్డున ఒక గేదె మోకాలిలోతు బురదలో కూరుకుపోయి అరుస్తోంది. మణిమల్లుడు తలపాగా తాడుగా పేని, కొమ్ములకు కట్టి, నడుం బిగించి బయటికి లాగాడు. ఆ లాగుడుకు అతనికి ధారగా చెమట పట్టింది. గేదె ముక్కుపుటాలు రెండుసార్లు అదిరాయి.

"నాయనా, ఒక్క మాట చెప్పనా, కోప్పడవుగా?"

ఈసారి మణిమల్లుడు తల దించుకున్నాడు. "తెలుసు గేదెమ్మా. స్నానం చేశాను. ఇంకా పోలేదు."

"పైన కడిగావు, బాగుంది. మరి లోపలికి ఏం పంపుతున్నావు?"

"పొద్దున వెల్లుల్లి కారం. మధ్యాహ్నం మసాలా పెట్టిన వేటమాంసం. సాయంత్రం కల్లు."

"నీళ్లో?"

"కుస్తీ పట్టేవాళ్లు నీళ్లు ఎక్కువ తాగకూడదట. కండ వదులవుతుందట."

గేదె నవ్వింది. గేదె నవ్వడం మీరు చూసి ఉండరు, చాలా నిదానంగా నవ్వుతుంది. "రోజంతా నీళ్లలో ఉండి, కుండలకొద్దీ తాగే నాకు కండ వదులైందేమో చూడు. తిన్నదే చెమటలో బయటికొస్తుంది నాయనా. అందరికీ ఒకేలా రాదు, కొందరికి ఎక్కువ. నీది ఎక్కువలా ఉంది. రెండో మూట విప్పు."

అందులో వట్టివేళ్లున్నాయి. తాగే నీళ్లలో అవి వేస్తే చల్లగా, కమ్మగా ఉంటాయి. గేదె అతన్ని వీపున ఎక్కించుకుని సముద్రంలోకి దిగింది. ఒక్కో సముద్రానికి ఒక్కో రోజు పట్టింది. సముద్రానికీ సముద్రానికీ మధ్య ఒక లంక, లంకలో కొబ్బరిచెట్లు, మంచినీటి గుంట. ఏడు రోజులూ మణిమల్లుడు వట్టివేళ్ల నీళ్లు తాగాడు, కొబ్బరి, పళ్లు, ఆకుకూరలు తిన్నాడు, ప్రతి లంకలోనూ నలుగు పెట్టుకుని స్నానం చేశాడు. ఒళ్లు తేలికపడింది. నిద్ర హాయిగా పట్టింది.

ఏడో సముద్రం చివర, మాంత్రికుడి దీవికి కూతవేటు దూరంలో ఒక రాతిదిబ్బ ఉంది. అక్కడ వెదురుబోనులో ఒక పునుగుపిల్లి ముడుచుకుని పడుంది. మణిమల్లుడు బోను విరగ్గొట్టి దాన్ని బయటికి తీశాడు. ఈసారి దాన్ని నోరు తెరవనివ్వలేదు.

"పునుగమ్మా, ముందు నేనే అడుగుతాను. కోప్పడను. నా దగ్గర ఇంకా వాసన వస్తోందా?"

పునుగుపిల్లి అతని చుట్టూ ఒకసారి తిరిగింది. "నీ దగ్గర రావడం లేదయ్యా. నీ కంచుకం దగ్గర వస్తోంది. ఎన్నాళ్లైంది ఉతికి?"

"ఆరేళ్లు. ఉతికితే గెలుపు పోతుంది. అందుకే అత్తరు..."

"అత్తరా! కంపు మీద అత్తరు పోస్తే రెండూ కలిసి మూడో కంపు పుడుతుంది. నా మాట నమ్ము, వాసన సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నా ఒంట్లో ఊరే పునుగు ఆవగింజంత ఉంటేనే దేవుడికి పూస్తారు. గరిటెడు ఉంటే నా పిల్లలే నా దగ్గరికి రారు. మీ అన్నలిద్దరినీ ఆ మాంత్రికుడు మూడో సముద్రంలో ఉండగానే పసిగట్టాడు. ఈపాటికి నీ వాసనా తగిలి ఉండాల్సింది. అదృష్టం, గాలి ఇటునుంచి లేదు."

మణిమల్లుడు కంచుకం అంచు పట్టుకున్నాడు. ముత్తాత మాట, తండ్రి మాట, మేళతాళాలు అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇది విప్పితే గెలుపు పోతుందా? ఇది ఉన్న అన్నలు గెలిచారా? ఆ రెండో ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు. కంచుకం విప్పేశాడు.

"కడిగేయనా?"

"ఇప్పుడే వద్దు. దానితో పనుంది" అంది పునుగుపిల్లి. "విను. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక నడిమింట్లో పంజరంలో ఉంటుంది. వాణ్ణి కాసేపు బయట తిప్పగలిగితే చాలు."

మణిమల్లుడు కంచుకాన్ని చూశాడు, గేదెను చూశాడు, ఫక్కున నవ్వాడు.

మూడో మూటలో పటికబిళ్ల ఉంది. స్నానం చేసి, పటికను తడిపి చంకల్లో రాసుకున్నాడు. పంచె ఉతికి బండమీద ఆరేసి, ఎండ వాసన పట్టాక కట్టుకున్నాడు. అత్తరు చుక్క కూడా పూసుకోలేదు. గేదె కొమ్ములకు కంచుకం బిగించి కట్టాడు.

గేదె అతన్ని పడమటి ఒడ్డున దించి, చుట్టూ తిరిగి వెళ్లి తూర్పు ఒడ్డున ఎక్కింది. ఇంకేముంది! "నరవాసన! నరవాసన! ఇదేం నరవాసనరా నాయనా, పదిమంది మగాళ్లు వచ్చినట్టుంది!" అంటూ మాంత్రికుడు ముక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గేదె ఉత్తరానికి దౌడు తీసింది. వాడు ఉత్తరానికి పరిగెత్తాడు. గేదె దక్షిణానికి మళ్లింది. వాడు దక్షిణానికి పరిగెత్తాడు. చివరికి పొదలో తలదూర్చి నిలబడ్డ ఆకారాన్ని చూసి, "నరుడా, సీసావైపో!" అని మంత్రం వేశాడు. గేదె నరుడా ఏమన్నానా? నెమరు వేస్తూ వాడి వంక చూసింది. వాడు మళ్లీ వేశాడు. మళ్లీ నెమరే. మూడోసారి వేశాడు. కాకి పైనుంచి "కావు కావు"మని నవ్వింది.

ఈలోగా మణిమల్లుడు పడమటి గుమ్మంలోంచి నడిమింట్లోకి వెళ్లాడు. అక్కడ గోడల నిండా సీసాలు. కువలయిని ఎండిన పూలమొక్కకు నీళ్లు పోస్తోంది. అతను ఆమెకు మూడడుగుల దూరందాకా వెళ్లినా ఆమె తల తిప్పలేదు. రెండడుగులకు వెళ్లాడు. ఒక్క అడుగుకు వెళ్లాడు.

"ఎవరూ?" అని ఉలిక్కిపడింది. చూసి గుర్తుపట్టింది. "మీరా! వచ్చినట్టే తెలియలేదు. ఎండలో ఆరిన బట్ట దగ్గర ఉన్నట్టుంది."

"ఆ రోజు మీరెందుకు వెనక్కి వెళ్లారో నాకిప్పుడు తెలిసింది" అన్నాడు మణిమల్లుడు. "ఆ రోజే చెప్పి ఉండొచ్చుగా?"

"నిండు సభలో, ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకునే మాట ఎలా చెప్పను? కానీ చెప్పలేదని ఇన్ని రోజులూ బాధపడ్డాను. ఆ పళ్లు ఏరింది మీరొక్కరే."

మణిమల్లుడు పంజరం తెరిచి చిలకను గుప్పిట్లోకి తీసుకున్నాడు. అక్కడ పొద దగ్గర మాంత్రికుడికి ఊపిరాడలేదు. పడుతూ లేస్తూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"బాబ్బాబూ! పీక నొక్కకు!"

"నొక్కను. మా అన్నలను, అందరినీ మనుషులను చెయ్యి. దొంగిలించిన వాసనలన్నీ వదిలెయ్యి."

వాడు మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. సీసాలన్నింటి మూతలూ ఊడి, తొలకరి మట్టివాసన ఒకటి, మల్లెల వాసన ఒకటి, కొత్తబియ్యం వాసన ఒకటి దీవంతా కమ్ముకున్నాయి. అన్నలిద్దరూ, వాళ్లలాగే వచ్చి చిక్కిన రాకుమారులందరూ ఆవులిస్తూ లేచి నిలబడ్డారు. కువలయిని చిలకను తన చేతిమీదికి తీసుకుంది. "దీన్ని నేనే పెంచుతాను. నువ్వు మా తోటలో మొక్కలకు పాదులు తవ్వు. బుద్ధిగా ఉన్నన్నాళ్లూ దీనికి జామపండు, నీకు అన్నం" అంది. మాంత్రికుడు ముక్కు నేలకానించి ఒప్పుకున్నాడు.

అందరూ మల్లపురి చేరారు. కొడుకులను చూసి రణమల్లుడు ఆనందంతో ఎదురొచ్చాడు. అంతలో మణిమల్లుడి ఒంటిమీద ఉత్త పంచె చూసి నిలబడిపోయాడు.

"కంచుకమేదీ?"

మణిమల్లుడు గేదె కొమ్ములనుంచి దాన్ని విప్పి, అందరూ చూస్తుండగా కోటముందు కుంకుడురసం కలిపిన తొట్టిలో ముంచాడు. రాజు గుండెలు బాదుకున్నాడు. "గెలుపు! గెలుపంతా నీళ్లపాలైంది!"

"నాన్నగారూ, ఒక్క మాట చెప్పనా, కోప్పడరుగా?" అన్నాడు మణిమల్లుడు. రాజు కోప్పడబోయి, ఏడు సముద్రాలు దాటొచ్చిన కొడుకు మొహం చూసి తలూపాడు. మణిమల్లుడు జరిగిందంతా చెప్పాడు. "కంచుకం నన్ను గెలిపించిన మాట నిజమే. నేను దాన్ని విప్పాక గెలిపించింది."

పక్కనే ఉన్న మంత్రిగారు మెల్లగా ముక్కుమీది గుడ్డ విప్పారు. రాజు ఆయన వంక చూశాడు, వింజామర పట్టుకున్నవాళ్ల వంక చూశాడు, అందరి వంకా చూశాడు. చివరికి తన కంచుకం తనే విప్పి, తొట్టి దగ్గర కూర్చుని ఉతకడం మొదలుపెట్టాడు. ఏడు తొట్ల నీళ్లు మారిస్తే గానీ దాని అసలు రంగు బయటపడలేదు. అది లేత పసుపు రంగట. ఆయనకే గుర్తులేదు.

మంచి ముహూర్తాన పెళ్లి జరిగింది. ఈసారి కువలయిని దండ పట్టుకుని ఎక్కడా ఆగకుండా నడిచొచ్చి మణిమల్లుడి మెడలో వేసింది. కాకికి మొదటి ముద్ద, గేదెకు కొత్త చెరువు, పునుగుపిల్లికి బోనుల్లేని అడవి దక్కాయి. తర్వాత మణిమల్లుడు నలభై ఏళ్లు రాజ్యమేలాడు. ఆయన కొలువులో, ఎదుటివాడి లోపం చాటుగా, నెమ్మదిగా చెప్పినవాడికి పట్టుబట్టలు పెట్టేవారు.

అసలు సంగతి చెప్పడం మరిచాను. పెళ్లి విందులో రణమల్లుడు నలుగు పెట్టుకుని, తలంటుకుని, ఉతికిన కంచుకం తొడుక్కుని వచ్చి రాణి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడ చేతులవంక చూసి ఆశ్చర్యపోయాడు.

"మొగలిపువ్వేదీ? తెప్పించనా?"

"వద్దండీ" అంది కుముదవల్లి. "ఆ పువ్వు వాసనకు నాకు మొదటినుంచీ తలనొప్పి."

రాజు చేతిలోని ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. "ముప్పై ఏళ్లు పట్టుకున్నావు కదా! ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు అడిగాను. ఒక్క మాట చెప్పనా, కోప్పడరుగా అని. మూడుసార్లూ కోప్పడతానన్నారు."

రణమల్లుడు తన విస్తట్లోని పూర్ణబూరె తీసి ఆవిడ విస్తట్లో పెట్టాడు. రాణి పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ ఇద్దరూ ఆ పూట కడుపునిండా తిన్నారు. కథ విన్నారుగా, మీరూ వెళ్లి చంకలు రుద్దుకుని స్నానం చేసి రండి, అన్నాలు పెడతాను.